బూటు లేసులు – ఒక ధర్మసందేహము

మన సంఘపు సంచికకు ఒక వ్యాసము వ్రాసి యిమ్మని మిత్రులు కోరినప్పుడు నేను మొదట సంకోచించితిని. నేను పండితుడను కాను. 1977లో మెట్రిక్యులేషను ప్యాసై, పిమ్మట నలుబదియేండ్లు గుమాస్తాగా ఫైళ్ళ నడుమ గడిపి, 2021లో పదవీవిరమణ చేసినవాడను. పురాణములను గూర్చియు, మహాకవులను గూర్చియు వ్రాయగల సమర్థులు మనలో పలువురున్నారు. కావున నాకు తెలిసిన ఒక చిన్న వస్తువును గూర్చి, అనగా బూటు లేసును గూర్చి, వ్రాయుదునని చెప్పితిని. మిత్రులు నవ్విరి. కాని యీ చిన్న వస్తువు కారణముగా నేనొకప్పుడు ఒక మనుష్యునికి అన్యాయము చేసితిని. ఆ సంగతి పాతికేండ్లకు పైగా నన్ను వెంబడించుచున్నది. దానిని నా వారి యెదుట చెప్పుకొనుటకు ఈ సంచికను మించిన చోటు నాకు దొరకదు.

ఆ సంగతిని మరల నా ముందుకు తెచ్చినవాడు మా మనుమడు. కిందటి వానకాలమున ఒకనాటి యుదయము వాడు బడికి పోవుటకు బూట్లు తొడుగుకొనుచుండెను. వానికి తొమ్మిదేండ్లు. లేసును మనలో పెక్కుమంది చేయునట్లు ఇంటూ గుర్తులుగా దాటింపక, నిచ్చెన మెట్లవలె అడ్డముగా తీసి కట్టుచుండెను. నేను చూచి, "అలా కాదురా, అది తప్పు" అంటిని. వాడు తల యెత్తి, "ఎందుకు తప్పు తాతా? ఊడిపోదు కదా!" అనెను. "అందరూ అలా కట్టరు" అంటిని. "అందరూ కట్టకపోతే తప్పయిపోతుందా?" అని యడిగి, బడి బస్సు హారను వినబడగా సంచి తగిలించుకొని పరుగెత్తెను.

వాడు పోయిన పిమ్మట నేను వసారాలో కూర్చుండి చాలసేపు ఆలోచించితిని. ఒక పనిని చేయుటకు పెక్కు విధములుండి, అవి యన్నియు ఆ పనిని నెరవేర్చుచుండగా, ఒక్క విధమునే సరియైనదనియు తక్కినవి తప్పనియు చెప్పుటకు ఎవరికైనను అధికారము కలదా? కలదన్నచో ఆ అధికారము ఎచ్చటనుండి వచ్చును? లేదన్నచో, లోకమున తప్పు అనునదే లేకుండ పోవునా? పిల్లవాని మాట నన్ను ఇంతవరకు తీసికొని వచ్చినది.

ఇట్టి విచారమునకు మన టికిరి తగిన స్థలము. నా చిన్నతనమున రాయగడలో బూట్లు తొడుగువారిని వేళ్ళమీద లెక్కింపవచ్చును. పోలీసువారు, రైల్వేవారు, ఒకరిద్దరు ప్లీడర్లు. మా నాయనగారు జీవితమంతయు తోలుచెప్పులతోనే వెళ్ళబుచ్చిరి. కొండలనుండి సంతకు దిగువారు ఉత్తపాదములతో వచ్చెడివారు. ఇప్పుడు దొరగుడ వద్ద అల్యూమినా కర్మాగారము నడచుచున్నది. మా కుమారుడు అందే పనిచేయుచున్నాడు. షిఫ్టు మారు వేళ టీ దుకాణము ముందు నిలిచినచో ఎటు చూచినను బూట్లే. నేనొకనాడు అచ్చటి బల్లపై కూర్చుండి పాదములను మాత్రమే పరిశీలించితిని. ఒకడు ఇంటూ గుర్తులుగా కట్టెను. ఒకడు అడ్డముగా కట్టెను. ఒకడు పై రెండు కన్నములను వదలి, మిగిలిన లేసును చీలమండ చుట్టు రెండు చుట్లు త్రిప్పెను. ఒకడు ముడియే వేయక కొసలను ప్రక్కకు దోపెను. వారిలో శ్రీకాకుళమువాడున్నాడు, ఝార్ఖండువాడున్నాడు, కాశీపురము ప్రక్క పల్లెవాడున్నాడు. ఒకని కట్టును చూచి మరియొకడు తప్పనలేదు. అందరును టీ త్రాగి ఎవరి దారిని వారు పోయిరి.

పాదరక్షను త్రాటితో బిగించుట మానవునికి మిక్కిలి ప్రాచీనమైన విద్య. 2008లో ఆర్మీనియా దేశమున ఒక గుహలో పురాతత్త్వజ్ఞులకు ఒక తోలుబూటు దొరికినది. అది సుమారు 5,500 సంవత్సరముల నాటిదని నిర్ణయించిరి. ఒకే తోలుముక్కను పాదము చుట్టు మడచి, తోలుత్రాటినే కన్నములగుండ దూర్చి బిగించిరి. ఆ కాలపువాని పేరు గాని, భాష గాని మనకు తెలియదు. అతడు తన కాలికి సరిపడునట్లు త్రాటిని లాగి బిగించుకొనెనని మాత్రము తెలియుచున్నది.

ఇక విధములెన్ని యన్న ప్రశ్న కలదు. బూటునకు ఒక్కొక్క ప్రక్క ఆరు చొప్పున పండ్రెండు కన్నములున్నవనుకొందము. లేసు ఏ కన్నముతోనైనను మొదలై, అన్ని కన్నములలోను ఒక్కొక్కసారి దూరవలెను. మొదటి కన్నమును 12 విధముల ఎన్నుకొనవచ్చును, రెండవదానిని 11 విధముల, మూడవదానిని 10 విధముల. ఇట్లు కడవరకు గుణించినచో 47,90,01,600 వచ్చును. ప్రతి కన్నములోనికి లేసు పైనుండి దిగవచ్చును, లేదా క్రిందినుండి పైకి రావచ్చును. కావున ఆ మొత్తమును 12 మారులు రెట్టింపవలెను. అప్పుడు 19,61,99,05,53,600 అగును. అనగా లక్షా తొంబదియారు వేల కోట్లకు పైమాట. గుమాస్తాపని చేసినవాడను గనుక లెక్కను రెండుమారులు సరిచూచితిని. వీనిలో అధికభాగము ఎవ్వరును కట్టజాలని చిక్కులే. అయినను వానిని త్రోసివేసిన పిమ్మట మిగులు ఉపయోగకరమైన కట్లే వేలకొలది యుండును.

ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయపు గణితశాస్త్రజ్ఞుడు బుర్కార్డ్ పోల్‌స్టర్ 2002లో 'నేచర్' పత్రికయందు దీనిని గూర్చియే ఒక చిన్న వ్యాసము ప్రకటించెను. బిగింపు బలమున ఇంటూ గుర్తుల కట్టును, అడ్డకట్టును రెండును మేటివనియు, కన్నముల నడిమి ఎడమును బట్టి ఒకచో ఇది, ఒకచో అది మెరుగగుననియు ఆయన తేల్చెను. లేసు మిక్కిలి తక్కువగా ఖర్చగునది ఈ రెండును గాక మూడవ కట్టు. నాకిందు ముచ్చటగొలిపినదేమనగా, గణితశాస్త్రము వంటి నిక్కచ్చి శాస్త్రము సైతము 'ఇదియొక్కటే సరి' యనలేదు. దేనికొరకు కట్టుచున్నావో చెప్పుము, నీ బూటు కన్నములెట్లున్నవో చెప్పుము, అప్పుడు చెప్పెదనన్నది. గుమాస్తానైన నేను అడుగని ప్రశ్నలను గణితము అడిగినది.

మన పెద్దలకు ఈ వివేకము లేకపోలేదు. నులకమంచము అల్లు పనివాని తలచుకొనుడు. ఒకడు పలకలు పలకలుగా అల్లును, ఒకడు చేపముల్లువలె అల్లును. మంచము పట్టె వదులైనచో కాళ్ళవైపు త్రాటిని ఒక్కొక్క మడతగా లాగి బిగించును. అదియు లేసు బిగించు పనియే. పండుకొనువానికి నడుము నొవ్వనియెడల ఏ అల్లికయైనను మంచిదే. పంచెకట్టును గోదావరివారు ఒక తీరున, మన ఉత్తరపువారు మరియొక తీరున కట్టుదురు. మన యింట చద్దన్నమని తినుదానినే పొరుగింటి ఒడియావారు పఖాళమని తినుచున్నారు. నీరుల్లిపాయ నంజుకొనువారు కొందరు, వేయించిన బడి నంజుకొనువారు కొందరు. ఆకలి ఇద్దరికిని తీరుచున్నది.

అయినను, అందరును ఒకే విధముగా చేయవలెనను కట్టడులన్నియు వ్యర్థములని నేననను. నా మొట్టమొదటి బూట్లు హైస్కూలులో ఎన్.సి.సి.లో చేరినప్పుడు దొరికినవి. కవాతు నేర్పిన హవల్దారుగారు లేసును అడ్డకట్టుగానే కట్టవలెనని శాసించిరి. ఇంటూ గుర్తులుగా కట్టినందుకు నేనొకనాడు ఎండలో ఒక గంట నిలువవలసివచ్చినది. సాయంకాలము ఆయన నన్ను పిలిచి కారణము చెప్పిరి. సైనికుని కాలికి దెబ్బ తగిలి పాదము వాచినప్పుడు బూటును లాగి తీయరాదట. లేసు అడ్డకట్టుగా నున్నచో, కత్తితో నిలువుగా ఒక్క కోత కోయగానే బూటు విచ్చుకొనునట. అదియునుగాక, చీకటిలో ఒకని బూటును మరియొకడు విప్పవలసివచ్చినను తడవుకొనకుండ విప్పగలుగునట. ఆ మాట విన్న పిమ్మట నాకు ఆ ఎండ మీద కోపము పోయినది. కారణము తెలిసిన నియమమును మోయుట కష్టము కాదు. ఆయన దండించినమాట నిజమే కాని, దండనతో పాటు కారణమును గూడ ఇచ్చిరి.

నేను ఆయనవద్ద దండనను నేర్చుకొంటిని; కారణము చెప్పుటను నేర్చుకొనలేదు. ఇది 1996లో తేలినది. అప్పుడు నేనొక కార్యాలయమున ఎస్టాబ్లిష్‌మెంటు గుమాస్తాను. కార్యాలయము పేరు చెప్పను. చెప్పదలచినది నా తప్పు. క్రొత్తగా చేరిన రాత్రికాపలాదారునకు ఖాకీదుస్తులును నల్లబూట్లును ఇచ్చిరి. దుస్తులను గూర్చిన ఉత్తరువులో, లేసును అన్ని కన్నములగుండ అడ్డకట్టుగా కట్టవలెనని యొక వాక్యముండెను. అతడు కొండపల్లెవాడు. ఇంటిభాష కువి. ఒడియా కొద్దిగా వచ్చును. తెలుగు సంతబేరమునకు మట్టుకు వచ్చును. స్వాతంత్ర్యదినోత్సవమునకు ముందునాడు అందరిని వరుసలో నిలిపి చూచినప్పుడు, అతని కుడిబూటున నడిమి కన్నముల మీద లేసు అడ్డముగా పోక, రెండు ప్రక్కలను నిలువుగా ప్రాకి పైకి పోయియుండెను. పాదము నడుమ కిటికీవలె ఖాళీ కనబడెను. నేనతనిని ఏమియు అడుగలేదు. నా బల్లయొద్దకు పోయి, ఉత్తరువును ఉల్లంఘించెనని నోటు పెట్టితిని.

పద్ధతి ప్రకారము సంజాయిషీ నోటీసు పోయినది. 'మీపై చర్య యేల తీసికొనరాదో మూడు దినములలో తెలుపవలెను' అనునది అట్టి నోటీసులలో ఎప్పుడును ఉండు వాక్యము. అతనికి చదువు రాదు. మరియొక గుమాస్తా అతని తరపున, అట్టి నోటీసులకు ఎప్పుడును వ్రాయు జవాబే వ్రాసి యిచ్చెను: 'తప్పు జరిగినది, మన్నింపవలెను.' అతడు వ్రేలిముద్ర వేసెను. ఒకనాటి జీతము కోతపడినది. సర్వీసు పుస్తకమున ఒక పంక్తి చేరినది. ఫైలు చూచినవారెవ్వరును అందొక లోపము పట్టజాలరు.

నెలదినములు గడచినవి. ఒక వాననాడు నేను పెందలకడ కార్యాలయమునకు పోగా, అతడు వసారాలో బూట్లు విప్పి ఆరబెట్టుకొనుచుండెను. కుడిపాదపు మీగాలిపై అడ్డముగా, బొటనవ్రేలంత లావున ఒక మచ్చ ఉబ్బియుండెను. అదియేమని యడిగితిని. పోడు కొట్టునప్పుడు గొడ్డలి జారి పడినదని చేతితో చూపెను. దానిపై లేసు బిగిసినచో, రాత్రి నాలుగుమారులు ప్రహరీ చుట్టు తిరిగి వచ్చుసరికి చర్మము చిట్లి నెత్తురు కారునట. అందుచేత ఆ మేర వదలి కట్టుకొనుచుండెనట. "అయితే అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అంటిని. అతడు కొంతసేపు నావైపు చూచి, తనకు వచ్చిన ఒడియాలో, "ఎవరూ అడగలేదు బాబూ" అనెను.

నేను వెంటనే ఆ పంక్తిని కొట్టివేయింపవలసినది. అందుకు నా నోటునకు వ్యతిరేకముగా నేనే మరియొక నోటు వ్రాయవలెను. పై యధికారి కారణమడుగును, తోటిగుమాస్తాలు నవ్వుదురు. రేపు వ్రాయుదము, ఎల్లుండి వ్రాయుదమని జరిపితిని. ఆ సంవత్సరాంతమున నాకు వేరొకచోటికి బదిలీయైనది. నేను ఆ నోటు వ్రాయనేలేదు. అతడు లేసును అట్లు కట్టుట తప్పు కాదు. అడుగకుండ వ్రాయుట నా మొదటి తప్పు. తెలిసిన పిమ్మట దిద్దకుండుట రెండవ తప్పు. మొదటిది తొందరపాటని చెప్పుకొనవచ్చునేమో గాని, రెండవదానికి నాయొద్ద ఏ సంజాయిషీయు లేదు.

ఇప్పుడు మనుమని సంగతికి వత్తును. ఆనాడు వసారాలో కూర్చుండియుండగా నాకొక విషయము తట్టినది. మనుమడు కట్టినది నాకు హవల్దారుగారు నేర్పిన అడ్డకట్టే! ఒకప్పుడు అడ్డకట్టు కట్టలేదని ఒకని జీతము కోయించితిని. ఇప్పుడు అడ్డకట్టు కట్టెనని పిల్లవానిని తప్పుపట్టితిని. ఎన్.సి.సి. విడిచిన పిమ్మట నాకు ఇంటూ గుర్తులు అలవాటైనవి. అలవాటగుటతో అదియే న్యాయముగా తోచినది. నేను నియమమని తలచినది, ఆ యా కాలమున నా చుట్టునున్నవారు చేయుచున్న పని మాత్రమే. మనలో ఎందరమో 'తప్పు' అను మాటను 'నాకు అలవాటు లేదు' అను అర్థమున వాడుచున్నామేమో యని నాకు అనుమానము.

ఈ యనుమానము చిన్న విషయములతో ఆగదు. మన దేశపు పల్లెలలో ఒకప్పుడు కొన్ని కులములవారు పెద్దల వీథిలో చెప్పులు తొడిగి నడువరాదను కట్టడి యుండెడిది. తోలు నానవేసి, కోసి, చెప్పులు కుట్టి యిచ్చినవాడే ఆ వీథిలో తన చెప్పులను చేతబట్టుకొని నడువవలసివచ్చెడిది. 'ఎందుకు?' అని యడిగినవానికి 'మొదటినుండి అంతే' యన్న జవాబు దొరికెడిది. నేను మనుమనికి చెప్పిన 'అందరూ అలా కట్టరు' అను మాటకును ఆ జవాబునకును పోలిక కలదని తెలిసి సిగ్గుపడితిని. పాపపు పరిమాణము వేరు, నిజమే; కాని రెండును ఒకే చెట్టు కాయలు.

కావున ఒక నియమమును మంచిదో కాదో తెలిసికొనుటకు నేను రెండు ప్రశ్నలను అలవరచుకొంటిని. ఈ నియమమునకు కారణము చెప్పగలమా యనునది మొదటిది. ఈ నియమము ఎవరి పాదమునైనను నొక్కుచున్నదా యనునది రెండవది. మొదటి ప్రశ్నకు నియమము పెట్టినవాడు జవాబు చెప్పవచ్చును. రెండవ ప్రశ్నకు బూటు తొడిగినవాడు తప్ప వేరొకడు జవాబు చెప్పజాలడు. నాకు ఇప్పుడు షుగరు వ్యాధి కలదు. పాదములకు స్పర్శ తగ్గినదని, లేసును వదులుగా కట్టుమని డాక్టరుగారు చెప్పిరి. బిగింపు ఎక్కువైనను నాకు తెలియక పుండు పడునట. కుష్ఠువ్యాధిచే స్పర్శ కోల్పోయినవారికి మన దేశమున మెత్తని రబ్బరు అట్టతో ప్రత్యేకముగా చెప్పులు కుట్టింతురు. ఆ పాదమును కొలిచి, చూచి, ఆ పాదమునకే కుట్టుదురు. నొప్పి తెలియని పాదమును గూర్చియే ఇంత విచారించునప్పుడు, నొప్పి తెలిసిన మనుష్యుని ఒక్కమాట అడుగుట ఎంత పని!

ఇచ్చట కొందరు చదువరులు అడ్డుపడవచ్చును: 'అట్లైన ఎవరికి తోచినట్లు వారు కట్టుకొనవచ్చును, సరియు తప్పును ఏమియు లేదందురా?' అట్లనను. లేసునందు దారి వేరు, ముడి వేరు. దారులు పెక్కు ఉండవచ్చును. కాని ముడి నిలువవలెను. ముడి నిలుచునా, నిలువదా యనునది ఎవరి అలవాటును బట్టియు మారదు.

ఈ ముడి సంగతి నాకు నేర్పినవాడును మనుమడే. ఒకనాడు ఇద్దరము రైల్వేస్టేషను వైపు నడచుచుండగా నా లేసు మూడుమారులు ఊడినది. వాడు క్రిందికి వంగి చూచి, "తాతా, నీ ముడి నిలువుగా ఉంది, నాది అడ్డంగా ఉంది" అనెను. నిజమే. నా ముడి చెవులు ఒకటి వ్రేళ్ళవైపు, ఒకటి మడమవైపు తిరిగియుండెను. వానివి బూటునకు అడ్డముగా ఇరుప్రక్కల నిలిచియుండెను. కారణము తరువాత తెలిసికొంటిని. మొదటి మెలికలో కుడికొసను ఎడమదానిపై వేసినచో, రెండవ మెలికలో ఎడమదానిని కుడిదానిపై వేయవలెను. రెండుమారులును ఒకే వైపు వేసినచో ముడి తిరిగిపోయి జారును. 2017లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఇంజనీర్లు పరుగెత్తువారి బూట్లను అతివేగపు కెమెరాతో చిత్రించి దీనిని పరిశీలించిరి. పాదము నేలను తాకినప్పుడెల్ల అదురువలన ముడి కొంచెము సడలును. కాలు ఊగినప్పుడు వ్రేలాడు కొసలు దానిని లాగును. ఈ రెండును కలిసి కొద్ది క్షణములలో ముడిని విప్పివేయును. ఒకే వైపు వేసిన ముడి మరింత త్వరగా ఊడును. అనగా నేను ఏబదియేండ్లు తప్పు ముడి వేసికొని తిరిగితిని. ఇతరుల లేసు పోయిన దారిని చూచి నోట్లు వ్రాసినవాడను, నా పాదముపై నా ముడిని ఒక్కనాడును చూచుకొనలేదు. దారి పైకి కనబడును గనుక దానిని విమర్శించుట సులభము. ముడి సంగతి నడచినప్పుడు గాని తెలియదు.

ఇది మన కుటుంబములకు సంబంధించిన మాట గనుక ఇంకొంచెము చెప్పుదును. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు, అంతవరకు మద్రాసు రాజధానిలో విశాఖపట్టణము జిల్లాకు చేరియుండిన ఈ జయపురపు సీమ ఒరిస్సాలో చేరినది. మన పెద్దలలో కొందరు ఇల్లు కదలకయే వేరొక రాష్ట్రమువారైరి. మరికొందరు వ్యాపారమునకో, ఉద్యోగమునకో తరువాత వచ్చిరి. 1992లో రాయగడ వేరు జిల్లాయైనది. జయపురపు మహారాజు విక్రమదేవవర్మగారు ఒడియాకును తెలుగునకును ఆప్తులై, ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు మహాదాతయైరి. అచ్చటి విజ్ఞానకళాశాలకు ఆయన పేరు పెట్టిరి. ఒక వరుస కన్నములతో బూటు బిగియదు. రెండు వరుసల నడుమ లేసు పోవుచు వచ్చుచు నుండవలెను. ఈ సీమలో మన బ్రదుకును అట్టిదే.

మన యిండ్లలో పిల్లలు ఒడియా కలిసిన తెలుగు మాటాడుచున్నారని బాధపడుట వినుచున్నాను. కోడలు ఉగాదిపచ్చడితో పాటు పణసంక్రాంతి పానకము చేసెనని ఒక పెద్దమ్మగారు నొచ్చుకొనిరి. నేనును ఒకప్పుడు అట్లే నొచ్చుకొన్నవాడను. కాని అవి లేసు పోవు దారులు. పిల్లవాడు తెలుగున తన నాయనమ్మతో మనసు విప్పి మాటాడుచున్నాడా, ఇచ్చిన మాట నిలుపుకొనుచున్నాడా, పొరుగువానికి ఆపద వచ్చినప్పుడు తలుపు తీయుచున్నాడా, ఇవి ముడులు. వీనిలో వదులుతనము కనబడినప్పుడు మందలింపుడు. నేనును మీతో గొంతు కలిపెదను. దారి మారెనని మాత్రము పిల్లలను దోషులను చేయకుడు. ఒకవేళ చేయబుద్ధియైనను, ముందొకమాట అడుగుడు. అట్లు కట్టుకొనుటకు వాని పాదమున ఏ మచ్చ యున్నదో మనకు తెలియదు.

చివరకు ఆ కాపలాదారుని సంగతి. 2009లో నేను పనిమీద టికిరికి వచ్చి సంతలో తిరుగుచుండగా, ఒక అల్లపు బుట్ట వెనుక అతడు కనబడెను. ఉద్యోగము ఎప్పుడో మానుకొనెనట. కాళ్ళకు రబ్బరు చెప్పులుండెను. మచ్చ అట్లే యున్నది. నేను ప్రక్కన కూర్చుండి, నాటి లేసు సంగతి ఎత్తి, నాదే తప్పని చెప్పితిని. అతడు చాలసేపు ఆలోచించి, లేసు సంగతి తనకు జ్ఞాపకము లేదనెను. "ఆ నెల ఒకనాటి డబ్బు తక్కువ వచ్చింది బాబూ. అది జ్ఞాపకముంది. పిల్లకు జ్వరంగా ఉండేది" అనెను. నేను జేబులో చేయి పెట్టగా వలదని చేయి యూపి, టీ మాత్రము త్రాగెను. పిల్ల సంగతి అడుగుటకు నాకు ధైర్యము చాలలేదు. అప్పుడును అడుగలేదు!

మనుమడు ఇప్పటికిని నిచ్చెన మెట్లవలెనే కట్టుచున్నాడు. నేను నా ముడిని సరిచేసికొంటిని, అడ్డముగా నిలుచుచున్నది. కాని ఆ సర్వీసు పుస్తకపు పంక్తిని దిద్దు అధికారము ఇప్పుడు నా చేతిలో లేదు. ఆనాడు అతని తరపున ఎవరో వ్రాసిన వాక్యము నిజమునకు నేను వ్రాయవలసినది. ఇన్నియేండ్లకు దానిని నా పేర, నా చేతివ్రాతతో, మీ యెదుట వ్రాయుచున్నాను: తప్పు జరిగినది, మన్నింపవలెను.